మనుషులను మోసే ప్రైవేటు వ్యోమనౌకలు, వాటి రాకెట్లు: ఏ జోడీని నమ్మవచ్చు?

హనుమకొండ చదువరి (చర్చ ప్రారంభం)

శుభాంశు శుక్లా 2025 జూన్ 25న ఆక్సియం-4 యాత్రలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయలుదేరిన నాటి నుంచి మా హనుమకొండ మిత్రుల మధ్య ఒకటే వాదన నడుస్తున్నది. 1984లో రాకేశ్ శర్మ సోవియట్ ప్రభుత్వ నౌకలో వెళ్లారు. ఇప్పుడు మన వ్యోమగామి స్పేస్‌ఎక్స్ అనే ప్రైవేటు సంస్థ నౌకలో, అదే సంస్థ రాకెట్ మీద వెళ్లవలసి రావడం కొందరికి చిన్నతనంగా తోచింది, మరికొందరికి అదే ముందుచూపుగా కనిపించింది. రెండు పక్షాలూ అసలు విషయాన్ని వదిలేసి జెండాల గురించి మాట్లాడుకుంటున్నాయి కాబట్టి ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. అమెరికా స్పేస్ షటిల్ 2011 జూలైలో చివరిసారి ఎగిరింది. ఆ తరువాత దాదాపు తొమ్మిదేళ్లు నాసా వ్యోమగాములు రష్యా సోయజ్‌లో సీట్లు కొనుక్కుని వెళ్లారు. ఈ లోగా నాసా తాను స్వయంగా నౌకను కట్టించుకునే పద్ధతిని పక్కన పెట్టి, సంస్థలు కట్టిన నౌకల్లో ప్రయాణ సేవను కొనే పద్ధతికి మారింది. 2012 ఆగస్టులో మూడు సంస్థలకు అభివృద్ధి నిధులు ఇచ్చింది: బోయింగ్‌కు 46 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కు 44 కోట్లు, సియెర్రా నెవాడాకు 21.25 కోట్లు. 2014 సెప్టెంబరు 16న వాటిలో రెండింటినే ఎంచుకున్నది. బోయింగ్ స్టార్‌లైనర్ అట్లాస్ 5 రాకెట్ మీద, స్పేస్‌ఎక్స్ క్రూ డ్రాగన్ ఫాల్కన్ 9 మీద. సియెర్రా నెవాడా వారి రెక్కలున్న నౌక డ్రీమ్ చేజర్ ఎంపిక కాకుండా మిగిలిపోయింది.

నా మనవి ఒక్కటే. నౌకను విడిగా, రాకెట్‌ను విడిగా చూసి తీర్పు చెప్పవద్దు. రాకెట్ విఫలమైతే నౌక మనిషిని ఎలా కాపాడుతుంది, అందుకు ఆ రాకెట్ ఎంత వ్యవధి ఇస్తుంది అన్న ప్రశ్న దగ్గర ఆ రెండూ ఒకే యంత్రం అవుతాయి. ఈ దృష్టితో చూస్తే ఏ జోడీ మేలైనది?

---

కాజీపేట మెకానికల్

ప్రశ్నను సరైన చోట పెట్టారు. నేను తప్పించుకునే వ్యవస్థ దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే షటిల్‌లో లేనిది అదే. 1986 జనవరి 28న ఛాలెంజర్ బయలుదేరిన 73 సెకన్లకు ముక్కలైనప్పుడు అందులోని ఏడుగురికి బయటపడే మార్గం ఏదీ లేదు. ఆ తరువాత వచ్చిన ఏ మానవ సహిత నౌకకైనా ఇదే మొదటి కొలబద్ద.

సోయజ్‌లోనూ, మన గగన్‌యాన్‌లోనూ తప్పించుకునే మోటారు నౌక నెత్తిన ఒక గోపురంలా ఉంటుంది. ప్రమాదం వస్తే నౌకను పైకి లాగుతుంది, అవసరం తీరాక దాన్ని వదిలేస్తారు. డ్రాగన్, స్టార్‌లైనర్ రెండూ కింది నుంచి నెట్టే పద్ధతిని ఎంచుకున్నాయి. డ్రాగన్ గోడల్లోనే ఎనిమిది సూపర్‌డ్రాకో ఇంజన్లు ఉన్నాయి. స్టార్‌లైనర్‌లో నాలుగు ఇంజన్లు సర్వీస్ మాడ్యూల్‌లో, అంటే మనుషులు కూర్చునే గది కింద ఇంజన్లు ఉండే భాగంలో ఉన్నాయి. నెట్టే పద్ధతిలో లాభం ఏమిటంటే కక్ష్య చేరే వరకు ఆ రక్షణ వెంటే ఉంటుంది. నష్టం ఏమిటంటే అత్యంత చురుకైన ఇంధనమూ, అధిక పీడనపు గొట్టాలూ యాత్ర పొడవునా మనుషుల పక్కనే ఉంటాయి.

ఇక రాకెట్లు. అట్లాస్ 5 సుదీర్ఘ చరిత్ర ఉన్న రాకెట్, కానీ ఉపగ్రహాల కోసం పుట్టింది. దాని పై అంచె సెంటార్‌ను సాధారణంగా ఒకే ఇంజనుతో ఎగరేస్తారు. ఒక్క ఇంజను బలం చాలదు కాబట్టి రాకెట్‌ను ముందు బాగా ఎత్తుకు తీసుకుపోయి, ఆ తరువాత వేగం పెంచుతారు. మనుషులు లేనప్పుడు ఇది తెలివైన పని. మనుషులున్నప్పుడు అంత ఎత్తులో యాత్ర రద్దయితే నౌక దాదాపు నిటారుగా వాతావరణంలోకి పడుతుంది, లోపలివారి మీద భారం భరించలేనంత పెరుగుతుంది. అందుకే స్టార్‌లైనర్ కోసం రెండు ఇంజన్ల సెంటార్‌ను తెచ్చి, కింద రెండు ఘన ఇంధన బూస్టర్లు జోడించి, దారిని చదును చేశారు. రాకెట్ ఆరోగ్యాన్ని క్షణక్షణం గమనించి నౌకకు హెచ్చరిక పంపే వ్యవస్థను కూడా కొత్తగా చేర్చారు. పాత రాకెట్‌ను మనుషులకు పనికొచ్చేలా చేయడం అంటే ఇంత పని ఉంటుంది. కేవలం ముద్ర వేసి ఇవ్వడం కాదు.

ఫాల్కన్ 9 విషయంలో నన్ను ఎక్కువ కాలం ఇబ్బంది పెట్టిన అంశం ఇంధనం నింపే క్రమం. అట్లాస్‌లో ఇంధనం నింపడం పూర్తయ్యాకే వ్యోమగాములు ఎక్కుతారు. ఫాల్కన్‌లో ముందు మనుషులు ఎక్కుతారు, తప్పించుకునే వ్యవస్థను సిద్ధం చేస్తారు, ఆ తరువాత ప్రయోగానికి సుమారు 35 నిమిషాల ముందు ఇంధనం నింపడం మొదలవుతుంది. ద్రవ ఆక్సిజన్‌ను అతి చల్లగా నింపుతారు కాబట్టి ఎక్కువసేపు నిలువ ఉంచలేరు. 2016 సెప్టెంబరు 1న సరిగ్గా ఇంధనం నింపుతుండగానే ఒక ఫాల్కన్ 9 ప్రయోగ వేదిక మీద పేలిపోయింది. ట్యాంకులో పీడనం కోసం ఉంచే హీలియం సీసా పైపొరకూ లోపలి పొరకూ మధ్య చిక్కుకున్న ఆక్సిజన్ దానికి మూలం. ఆ సీసాల రూపకల్పన మార్చిన తరువాతే, మరిన్ని పరీక్షలు చేసి చూపాలన్న షరతుతో 2018లో నాసా ఈ క్రమానికి ఒప్పుకున్నది. నింపే సమయంలో తప్పించుకునే వ్యవస్థ సిద్ధంగా ఉంటుంది అన్న వాదనలో బలం ఉందని నేను అంగీకరిస్తున్నాను. అయినా నా మొగ్గు పాత పద్ధతి వైపే.

---

మంచిర్యాల లెక్కలు

ఇంజనీరింగ్ సంగతి పెద్దలు చెబుతున్నారు, నేను ఒప్పందాల సంగతి చెబుతాను. 2014లో బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్ల డాలర్లు గరిష్ఠ విలువగా ఒప్పందం కుదిరింది. ఒకే పనికి, ఒకే షరతులకు ఇంత తేడా. రెండూ స్థిర ధర ఒప్పందాలు, అంటే ఖర్చు పెరిగితే సంస్థే భరించాలి. 2019 నవంబరులో నాసా ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం లెక్క కట్టినప్పుడు డ్రాగన్‌లో ఒక సీటు సుమారు 5.5 కోట్ల డాలర్లు, స్టార్‌లైనర్‌లో సుమారు 9 కోట్ల డాలర్లు పడుతుందని తేలింది. అదే నివేదిక స్థిర ధరకు పైన బోయింగ్‌కు నాసా మరో 28.7 కోట్ల డాలర్లు ఒప్పుకున్న సంగతిని కూడా తప్పుపట్టింది.

ఆ తరువాత బోయింగ్ ఈ కార్యక్రమంలో మూటగట్టుకున్న నష్టం 200 కోట్ల డాలర్లు దాటింది. స్థిర ధర ఒప్పందం ప్రజాధనాన్ని కాపాడింది నిజమే. అయితే నష్టం వచ్చే పనిలో ఒక పెద్ద సంస్థ ఎంతకాలం ఉత్సాహంగా ఉంటుందన్నది కూడా లెక్కలో భాగమే. ఆడిట్‌లో మేము ధరను ఒక్కదాన్నే చూడం. సరఫరాదారు వచ్చే ఏడాది కూడా ఉంటాడా అని చూస్తాం.

---

జగిత్యాల పాఠకుడు

నమస్కారం సార్. నేను డిగ్రీ విద్యార్థిని. డ్రీమ్ చేజర్ విమానంలా రన్‌వే మీద దిగుతుందని చదివాను. సముద్రంలో పడటం కంటే అది ఎంతో మేలు కదా? మరి దాన్ని ఎందుకు వదిలేశారు?

---

కరీంనగర్ ఖగోళం

మంచి ప్రశ్న తమ్ముడూ. డ్రీమ్ చేజర్‌కు ఉన్న ఆకర్షణ నిజమైనదే. దాని ఆకారమే గాలిలో నౌకను కొంత పైకి ఎత్తే బలాన్ని ఇస్తుంది కాబట్టి తిరుగు ప్రయాణంలో లోపలివారి మీద భారం భూమ్యాకర్షణకు ఒకటిన్నర రెట్లకు మించదు. ఆరు నెలలు భారరహితంగా గడిపి వచ్చినవారికీ, గాయపడినవారికీ, సున్నితమైన ప్రయోగ నమూనాలకూ ఇది పెద్ద వరం. దాని వంశవృక్షం కూడా ఆసక్తికరమైనది. సోవియట్ వాళ్లు 1980లలో కక్ష్యలోకి పంపిన బోర్-4 అనే చిన్న నౌక ఆకారాన్ని అమెరికన్లు ఫోటోల ద్వారా గమనించి, నాసా లాంగ్లీ కేంద్రంలో హెచ్‌ఎల్-20గా అధ్యయనం చేశారు. దాని మీదనే సియెర్రా నెవాడా పని చేసింది.

వదిలేయడానికి నాసా చెప్పిన కారణం, మూడింటిలో దాని రూపకల్పన తక్కువ పరిణతి చెందినదనీ, పూర్తి కావడానికి ఎక్కువ కాలం పడుతుందనీ. సంస్థ ఫిర్యాదు చేసింది. 2015 జనవరిలో ఆ ఫిర్యాదు వీగిపోయింది. మరుసటి ఏడాది సరుకు రవాణా ఒప్పందం దక్కింది. సరుకు నౌకలో రెక్కలు మడిచి రాకెట్ కవచం లోపల పెడతారు. మనుషుల నౌకను కవచంలో దాచలేరు, ఎందుకంటే ప్రమాదం వస్తే అది వెంటనే బయటపడాలి. అలాగని రెక్కలున్న నౌకను రాకెట్ మొనన బయటే నిలబెడితే గాలి ఆ రెక్కల మీద పని చేసి రాకెట్ మొత్తాన్ని వంచాలని చూస్తుంది. చదువరి గారు చెప్పినట్లు నౌక, రాకెట్ ఒకే యంత్రమయ్యే చోటు ఇది కూడా.

ఇంకొక మాట. ఆనాడు నాసా బోయింగ్‌నూ, డ్రీమ్ చేజర్‌నూ ఎంచుకుని ఉంటే రెండు నౌకలూ ఒకే అట్లాస్ 5 మీద ఎగిరేవి. ఆ రాకెట్ మొదటి అంచెలోని ఆర్‌డీ-180 ఇంజను రష్యాలో తయారయ్యేది. రష్యా మీద ఆధారపడకూడదని మొదలుపెట్టిన కార్యక్రమం రెండు కాళ్లనూ ఒకే రష్యన్ ఇంజను మీద పెట్టేది.

2025 సెప్టెంబరులో నాసా ఆ సరుకు ఒప్పందాన్ని కూడా సవరించింది. మొదటి యాత్రలో డ్రీమ్ చేజర్ అంతరిక్ష కేంద్రానికి వెళ్లదు, విడిగా కక్ష్యలో తిరిగి వస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన నౌక అయినా, మనుషుల ప్రయాణానికి దాన్ని ఈ దశాబ్దంలో లెక్కించలేము.

---

గోదావరిఖని భూగర్భం

నేను సింగరేణి భూగర్భ గనుల్లో ఓవర్‌మన్‌గా పని చేసి రిటైరయ్యాను. రాకెట్ల గురించి చదవడమే తప్ప వాటిని ముట్టుకున్నవాడిని కాను. అయినా రెండు కాళ్లూ ఒకే ఇంజను మీద పెట్టడం గురించి కరీంనగర్ మేడమ్ అన్న మాట నా అనుభవానికి చాలా దగ్గరగా ఉంది.

భూగర్భ గనికి ఉపరితలానికి చేరే దారులు కనీసం రెండు ఉండాలన్నది నిబంధన. దారుల సంఖ్య కంటే అవి ఒకదానికొకటి ఎంత వేరుగా ఉన్నాయన్నదే అసలు సంగతి. మేము లోపలికి పంపే ప్రతి కొత్త కార్మికుడిని రెండో దారి వెంట నడిపించి చూపేవాళ్లం. రెండు దారులూ ఒకే గాలి మార్గంలో కలిస్తే, అక్కడ మంట పుట్టిన రోజున రెండూ లేనట్లే. రెండో దారి పగటి పూట వెలుతురులో ఖర్చులా కనిపిస్తుంది. దాన్ని మూసేద్దామని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

2024 వేసవిలో జరిగింది చూడండి. జూన్ 5న స్టార్‌లైనర్ మొదటిసారి బుచ్ విల్మోర్, సునీతా విలియమ్స్‌లను తీసుకుని బయలుదేరింది. కేంద్రానికి చేరువవుతుండగా సర్వీస్ మాడ్యూల్‌లో నౌక కదలికను సరిదిద్దే చిన్న ఇంజన్లు, అంటే 28 థ్రస్టర్లలో ఐదు ఆగిపోయాయి, హీలియం కారడం కూడా బయటపడింది. ఆ నౌకలో తిరిగి రావచ్చా లేదా అని తర్జనభర్జన పడుతున్న రోజుల్లోనే, జూలై 11న ఒక ఫాల్కన్ 9 పై అంచెలో ఆక్సిజన్ కారి యాత్ర విఫలమైంది, ఆ రాకెట్‌ను నేల మీద నిలిపేశారు. రెండు వారాలకు పైగా అమెరికాకు ఒక నౌక మీద అనుమానం, రెండో నౌకను మోసే రాకెట్ మీద నిషేధం. ఫాల్కన్ తిరిగి జూలై 27న ఎగిరింది కాబట్టి గండం గడిచింది.

ఆగస్టు 24న స్టార్‌లైనర్‌ను ఖాళీగా దించాలని నాసా నిర్ణయించింది. సెప్టెంబరు 6న అది కేంద్రాన్ని వదిలింది. సెప్టెంబరు 29న క్రూ-9 అనే తరువాతి యాత్ర డ్రాగన్ రెండు ఖాళీ సీట్లతో వచ్చే వరకు ఆ ఇద్దరికీ అత్యవసర దారి ఏమిటో తెలుసా? అప్పటికే నలుగురు ఉన్న క్రూ-8 డ్రాగన్‌లో, సీట్ల కింద సరుకు పెట్టే చోట, నురుగు పరుపులు వేసి పడుకోబెట్టే ఏర్పాటు. సీటు లేదు. అది ఉన్నంతలో సరైన నిర్ణయమే, కానీ రెండో దారి లేని రోజున మనిషి ఎక్కడ పడుకోవాలో అది చూపిస్తుంది. ఎనిమిది రోజుల కోసం వెళ్లినవారు 286 రోజుల తరువాత 2025 మార్చి 18న తిరిగి వచ్చారు.

ఏ జోడీ మేలు అన్న ప్రశ్నకు నా జవాబు: ఏ ఒక్కటీ కాదు. ఒకదానితో ఒకటి ఏమీ పంచుకోని రెండు జోడీలు కావాలి.

---

కాజీపేట మెకానికల్

భూగర్భం గారి మాటను గౌరవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పాలి. రెండో దారి కూలిపోయే స్థితిలో ఉంటే దాన్ని దారుల లెక్కలో రాయకూడదు. స్టార్‌లైనర్ థ్రస్టర్ల సంగతిని కొంచెం దగ్గరగా చూద్దాం.

ఆ చిన్న థ్రస్టర్లను గుంపులుగా, వేడి బయటికి పోకుండా కప్పిన పెట్టెల్లో అమర్చారు. వాటి పక్కనే పెద్ద ఇంజన్లు కూడా ఉన్నాయి. ఎండ, పక్క ఇంజన్ల వేడి, వాటి సొంత మంటల వేడి కలిసి లోపల ఉష్ణోగ్రత లెక్కకు మించి పెరిగింది. 2024లో నాసా వైట్ శాండ్స్ పరీక్షా కేంద్రంలో అలాంటి ఒక థ్రస్టర్‌ను అదే క్రమంలో మండించి, విప్పి చూసినప్పుడు ఆక్సీకరణి (ఇంధనాన్ని మండించే ద్రవం) వాల్వ్‌లోని చిన్న టెఫ్లాన్ సీలు ఉబ్బి, తన గాడి నుంచి బయటికి పొడుచుకు వచ్చి కనిపించింది. ఆ ఉబ్బు ద్రవం పారే సందును ఇరుకు చేసింది, థ్రస్టర్ బలం పడిపోయింది. చల్లారాక సీలు కొంత వెనక్కి సర్దుకున్నది కాబట్టి కొన్ని థ్రస్టర్లు మళ్లీ పని చేశాయి. ఎప్పుడు పని చేస్తుందో, ఎప్పుడు మానేస్తుందో చెప్పలేని భాగాన్ని ఏ ఇంజనీరూ నమ్మడు. పైగా ఈ థ్రస్టర్లున్న సర్వీస్ మాడ్యూల్ తిరుగు ప్రయాణంలో వాతావరణంలో కాలిపోతుంది, అంటే పాడైన భాగాన్ని ఇంటికి తెచ్చి చూసుకునే అవకాశమే లేదు. డ్రాగన్‌లో థ్రస్టర్లు మనుషులు కూర్చుని తిరిగి వచ్చే కాప్స్యూల్‌లోనే ఉంటాయి కాబట్టి ప్రతి యాత్ర తరువాతా విప్పి చూస్తారు. ఈ ఒక్క తేడాకు నేను చాలా విలువ ఇస్తాను.

2021 ఆగస్టులో ఇదే నౌకలో 13 వాల్వులు బిగుసుకుపోయాయి. ఆక్సీకరణిగా వాడే నైట్రోజన్ టెట్రాక్సైడ్ ఆవిరి సీళ్ల గుండా మెల్లగా బయటికి వచ్చి, గాలిలోని తేమతో కలిసి నత్రికామ్లంగా మారి లోహాన్ని తిన్నది. ఫ్లోరిడా తీరంలో తేమ ఉంటుందన్నది ముందే తెలిసిన విషయం.

---

కరీంనగర్ ఖగోళం

మెకానికల్ గారూ, మీ వివరాలతో ఏకీభవిస్తున్నాను. కానీ డ్రాగన్‌కు కూడా ఇలాంటి గండం వచ్చింది. 2019 మార్చిలో అంతరిక్ష కేంద్రానికి వెళ్లి వచ్చిన అదే కాప్స్యూల్ ఏప్రిల్ 20న నేల మీద పరీక్షలో పేలి తునకలైంది. ఒక చిన్న వాల్వ్ గుండా కొద్దిగా ఆక్సీకరణి హీలియం గొట్టంలోకి చేరింది. సూపర్‌డ్రాకోలను మండించడానికి హీలియాన్ని అధిక పీడనంతో వదలగానే ఆ ద్రవపు ముద్ద తుపాకీ గుండు వేగంతో టైటానియం వాల్వ్‌కు తగిలింది, టైటానియమే అంటుకున్నది. ఆ వాల్వులను తీసేసి, ఒక్కసారి మాత్రమే పగిలే పలకలను అమర్చారు. తరువాత 2020 జనవరి 19న నిజమైన ఫాల్కన్ 9ను ఎగరేసి, గాలి ఒత్తిడి తీవ్రంగా ఉండే దశలో కాప్స్యూల్ తప్పించుకోవడాన్ని చూపించారు. మే 30న వ్యోమగాములు హర్లీ, బెంకెన్‌లు డ్రాగన్‌లో బయలుదేరారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. స్పేస్‌ఎక్స్ వైఫల్యం నేల మీద, మనిషి లేని చోట బయటపడింది, ఎందుకంటే అక్కడ బయటపడేలా పరీక్ష పెట్టారు. బోయింగ్ గాలిలో తప్పించుకునే పరీక్షను చేయలేదు, లెక్కలతో నిరూపించింది. 2019 డిసెంబరు 20న మొదటి ఖాళీ యాత్రలో స్టార్‌లైనర్ గడియారం రాకెట్ నుంచి సమయాన్ని తప్పుగా తీసుకుని 11 గంటలు తేడా పడింది. నౌక తాను ఏ దశలో ఉన్నదో తెలియక ఇంధనం వృథా చేసింది, కేంద్రాన్ని చేరలేకపోయింది. ప్రయోగం నుంచి అనుసంధానం వరకు మొత్తం క్రమాన్ని ఒకే ధారగా పరీక్షించకుండా ముక్కలుగా పరీక్షించడం వల్ల ఆ లోపం దాగి ఉండిపోయింది. నౌకకూ రాకెట్‌కూ మధ్య ఉన్న ఆ ఒక్క సంభాషణలోనే తప్పు దొర్లింది. వేర్వేరు సంస్థల నౌక, రాకెట్ కలిసే చోట ఇలాంటి అతుకులను మరింత జాగ్రత్తగా చూడాలి. స్పేస్‌ఎక్స్‌కు రెండూ సొంతం కావడం ఇక్కడ కలిసొచ్చింది.

---

జగిత్యాల పాఠకుడు

ధన్యవాదాలు మేడమ్. మరి మన గగన్‌యాన్ ఎక్కడ నిలుస్తుంది? దాన్ని మోసే ఎల్‌వీఎం3 రాకెట్‌లో రెండు పెద్ద ఘన ఇంధన బూస్టర్లు ఉన్నాయి. ఘన ఇంధనాన్ని ఒకసారి ముట్టిస్తే ఆపలేమని మా సార్ చెప్పారు. మనుషులను దాని మీద పంపడం క్షేమమేనా?

---

కాజీపేట మెకానికల్

మీ సార్ చెప్పింది నిజం తమ్ముడూ. ఈ ప్రశ్న మీదనే ఒకప్పుడు అమెరికాలో పెద్ద వాదం జరిగింది. షటిల్ బూస్టర్‌నే పొడిగించి మొదటి అంచెగా వాడే నాసా రాకెట్ ఏరీస్-1 గురించి 2009లో అమెరికా వైమానిక దళం ఒక విశ్లేషణ చేసింది. బూస్టర్ మధ్యలో పగిలితే మండుతున్న ఘన ఇంధనపు ముక్కలు మేఘంలా విస్తరించి, తప్పించుకున్న కాప్స్యూల్ పారాచూట్లను కరిగించగలవని అందులో తేలింది. నాసా ఆ విశ్లేషణతో ఏకీభవించలేదు. అదే బూస్టర్ మీద యూరప్ రాకెట్ ఏరియాన్ 5 అంచెను కూర్చి లిబర్టీ అనే ప్రైవేటు జోడీ కూడా 2012 పోటీకి వచ్చింది, ఎంపిక కాలేదు.

అయితే ఘన బూస్టర్ ఉన్నంత మాత్రాన జోడీ పనికిరానిది కాదు. స్టార్‌లైనర్‌ను మోసే అట్లాస్‌కూ రెండున్నాయి. ఘన మోటారులో కదిలే భాగాలు తక్కువ, అది నిలకడగా పని చేస్తుంది. చెడితే మాత్రం హెచ్చరిక లేకుండా చెడుతుంది. ఎల్‌వీఎం3లోని ఎస్200 బూస్టర్లలో ఒక్కొక్కదానిలో 200 టన్నులకు పైగా ఇంధనం ఉంటుంది. దాన్ని ఆపలేం కాబట్టి దానికంటే వేగంగా దూరం పోవాలి. ఇస్రో నెత్తిన గోపురం పెట్టి, త్వరగా మండే ఘన మోటార్లతో లాగే పద్ధతిని ఎంచుకోవడానికి అందులో తర్కం ఉంది. 2018 జూలై 5న శ్రీహరికోటలో ప్రయోగ వేదిక నుంచి తప్పించుకునే పరీక్ష జరిగింది. 2023 అక్టోబరు 21న టీవీ-డీ1 యాత్రలో ఒక చిన్న ప్రత్యేక రాకెట్ మీద కాప్స్యూల్‌ను ధ్వని వేగం దాటించి, అక్కడి నుంచి తప్పించి, బంగాళాఖాతంలో దించారు. ఆ ఉదయం మొదటి ప్రయత్నాన్ని ప్రయోగానికి 5 సెకన్ల ముందు కంప్యూటరే ఆపేసింది. లోపం గుర్తించి సరిచేసి అదే రోజు 10 గంటలకు ఎగరేశారు. నాకు ఆ రోజు యాత్ర సఫలం కావడం కంటే ఆ ఆగడమే ఎక్కువ ధైర్యాన్నిచ్చింది.

---

హనుమకొండ చదువరి

ఇక్కడ ఆక్సియం-4 సంగతి మళ్లీ చెప్పుకోవాలి. 2025 జూన్‌లో ఆ ప్రయోగం వాయిదా పడటానికి ఒక కారణం ఫాల్కన్ 9 మొదటి అంచెలో ద్రవ ఆక్సిజన్ కారడం. అక్కడ ఉన్న ఇస్రో బృందం పూర్తిగా మరమ్మతు చేశాకే ముందుకు సాగాలని పట్టుబట్టింది. ఎల్‌వీఎం3కి క్రయోజనిక్ ఇంజను కట్టినవారికి ఆక్సిజన్ కారడం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. సీటు కొనుక్కున్నవాడు నోరు మూసుకుని కూర్చోవాలన్న వాదాన్ని నేను ఒప్పుకోను. సొంత రాకెట్ కట్టే దేశం ఇతరుల రాకెట్‌లో సీటు కొన్నప్పుడు సరైన ప్రశ్న అడగగలుగుతుంది.

---

మంచిర్యాల లెక్కలు

చర్చ బాగా సాగుతున్నది, కానీ రేపటి లెక్క ఎవరూ వేయలేదు. 2025 నవంబరులో నాసా, బోయింగ్ ఒప్పందాన్ని సవరించుకున్నాయి. ఆరు ఖాయమైన యాత్రలు నాలుగుకు తగ్గాయి, వాటిలో మొదటిది మనుషులు లేకుండా సరుకుతో మాత్రమే వెళుతుంది. అట్లాస్ 5 అమ్మకాలు 2021లోనే ముగిశాయి. స్టార్‌లైనర్ కోసం అట్టిపెట్టినవి అయిపోతే దాని నౌకకు రాకెట్ లేదు. అట్లాస్ స్థానంలో వచ్చిన కొత్త రాకెట్ వల్కన్ మీదికి మార్చాలంటే రెండు ఇంజన్ల సెంటార్ కోసమూ, హెచ్చరిక వ్యవస్థ కోసమూ మెకానికల్ గారు చెప్పిన పని అంతా మరో రాకెట్‌కు మళ్లీ చేయాలి. అంతరిక్ష కేంద్రమేమో 2030లో ముగించాలన్నది ప్రణాళిక. ఆ తరువాత ప్రైవేటు కేంద్రాలు వస్తాయంటున్నారు, వస్తే ప్రయాణికులుంటారు. కానీ ఇంకా లేని కేంద్రానికి, ఇంకా అర్హత పొందని రాకెట్ మీద వెళ్లే నౌక కోసం ఏ సంస్థ డైరెక్టర్లు డబ్బు మంజూరు చేస్తారు? పోటీ కావాలనుకోవడం వేరు, పోటీ పడేవాడికి కొనుగోలుదారు ఉండటం వేరు.

---

గోదావరిఖని భూగర్భం

లెక్కలు గారూ, మీ ప్రశ్న సబబే. అయితే రెండో దారి ఖర్చును దాని గుండా రోజూ ఎంతమంది నడుస్తారన్న దానితో కొలవకూడదు. 2025 నవంబరు 27న కజకిస్తాన్‌లోని బైకనూరులో సోయజ్ బయలుదేరిన తరువాత ప్రయోగ వేదిక కింది సేవా వేదిక కూలిపోయింది. రష్యా మనుషులను పంపడానికి వాడుతున్నది ఆ ఒక్క వేదికనే. ఆ రోజు ఎవరికీ హాని జరగలేదు, నౌక క్షేమంగా చేరింది. కానీ ఒక్క ఇనుప నిర్మాణం పడిపోవడంతో అంతరిక్ష కేంద్రానికి మనుషులను పంపే రెండు దేశాల్లో ఒకదాని దారి అప్పటికి మూతపడింది. అమెరికా వైపు చూస్తే మిగిలింది ఒకే సంస్థ నౌక, ఒకే సంస్థ రాకెట్. స్పేస్‌ఎక్స్ ముందుచూపుతో రెండో వేదిక మీద కూడా మనుషులు ఎక్కే గోపురం కట్టింది, 2024 సెప్టెంబరులో క్రూ-9ను అక్కడి నుంచే పంపింది. అది వేదికకు ప్రత్యామ్నాయం, రాకెట్‌కు కాదు.

స్టార్‌లైనర్ థ్రస్టర్లు బాగుపడే వరకు దానిలో మనిషిని ఎక్కించవద్దన్న మెకానికల్ గారి మాట నాకు పూర్తిగా సమ్మతం. ఆ బాగు చేసే పనికి డబ్బు మాత్రం కొనుగోలుదారు కూడా కొంత పెట్టాలి, ఎందుకంటే దాని అవసరం అమ్మేవాడికంటే ఆయనకే ఎక్కువ.

---

కాజీపేట మెకానికల్

డబ్బు పెట్టేముందు ఒక షరతు పెట్టమంటాను. వల్కన్ రెండో యాత్రలో, 2024 అక్టోబరు 4న, ఒక ఘన బూస్టర్ నాజిల్ ఊడిపోయింది. రాకెట్ తట్టుకుని కక్ష్యకు చేర్చింది, 2025 మార్చిలో సైనిక ఉపగ్రహాల కోసం అర్హత కూడా పొందింది. ఉపగ్రహానికి అది చాలు. మనిషి కూర్చున్నప్పుడు ఆ నాజిల్ ఊడిన క్షణంలో హెచ్చరిక వ్యవస్థ నౌకను విడిపించమని ఆజ్ఞ ఇవ్వాలా, లేక రాకెట్ తట్టుకుంటుందని నమ్మి ఆగాలా అన్నది ముందే నిర్ణయించి ఉండాలి. తొందరపడితే మంచి రాకెట్ మీది నుంచి మనుషులను సముద్రంలో పడేస్తాం, ఆలస్యమైతే పేలుడులో చిక్కుతాం. ఆ యాత్రలో నమోదైన కంపనాలు, ఒత్తిళ్లు, దిశ మార్పుల వివరాలన్నీ సంస్థ దగ్గర ఉన్నాయి. వాటిని స్టార్‌లైనర్ తప్పించుకునే వ్యవస్థ ముందు పెట్టి, అది ఏ సెకనులో ఏమి చేసి ఉండేదో నడిపి చూపమనాలి. ఆ ఫలితం చూశాకే మొదటి వాయిదా చెల్లించాలి.

---

జగిత్యాల పాఠకుడు

సార్, 2018 అక్టోబరు 11న సోయజ్ బూస్టర్ విడిపోతూ రాకెట్‌ను గుద్దుకున్నప్పుడు కూడా ఇలాగే యంత్రమే నిర్ణయం తీసుకున్నదా?

---

కాజీపేట మెకానికల్

అవును తమ్ముడూ. ఒక వంగిన సెన్సర్ కడ్డీ వల్ల పక్క బూస్టర్ సరిగా విడిపోలేదు, అది మధ్య అంచెను గుద్దింది. రాకెట్ దారి తప్పడాన్ని యంత్రమే గుర్తించి నౌకను విడిపించింది. అప్పటికే మొన మీది గోపురాన్ని వదిలేశారు, కవచం పక్కల ఉన్న చిన్న మోటార్లు నౌకను లాగాయి. లోపల ఉన్న ఓవ్‌చినిన్, హేగ్ ఇద్దరూ క్షేమంగా దిగి, 2019 మార్చిలో మళ్లీ సోయజ్‌లోనే బయలుదేరి కేంద్రాన్ని చేరారు.